తాళం ఎవరి దగ్గరుంది? ఊరి నడిబొడ్డును బతికించే ప్రయత్నాల వెనక డెబ్బై ఏళ్ల కథ

ఏ దేశంలో చూసినా ఈ కథ దాదాపు ఒకేలా మొదలవుతుంది. ఒకప్పుడు జనంతో కిటకిటలాడిన మెయిన్ రోడ్డులో ఒక్కో షాపూ షట్టర్ దించేస్తుంది. కొన్నాళ్లకు ఎవరో పూనుకుని గోడలకు రంగులు వేయిస్తారు, బెంచీలు పెట్టిస్తారు, ఒక ఆదివారం ఉత్సవం చేస్తారు. ఫొటోలు బాగా వస్తాయి. సోమవారం పొద్దున చూస్తే షట్టర్లు ఎక్కడివక్కడే. స్థానికులే ముందుకొచ్చి తమ వీధినీ కూడలినీ బాగుచేసుకునే ఈ పద్ధతిని ఇప్పుడు ప్లేస్‌మేకింగ్ అంటున్నారు, ప్రభుత్వాలు దానికి నిధులు కూడా ఇస్తున్నాయి. ఆ ప్రయత్నాల్లో కొన్నే ఎందుకు నిలబడ్డాయి, మిగతావి ఎందుకు చప్పబడిపోయాయి అన్నది అర్థం కావాలంటే 1956 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ హైవేల చట్టం మీద సంతకం పెట్టారు. 41,000 మైళ్ల రహదారులకు దారి తీసిన చట్టం అది. అక్టోబర్‌లో మినియాపోలిస్ శివారు ఈడైనాలో సౌత్‌డేల్ తెరుచుకుంది. దుకాణాలన్నీ ఒకే పైకప్పు కింద, ఏసీలో, ముఖాలు లోపలికి తిప్పుకుని ఉన్న మొదటి మాల్ అదే. ఒక చట్టం జనాన్ని ఊరి బయటికి తీసుకెళ్లింది, ఒక భవనం వాళ్లతో పాటు వ్యాపారాన్నీ తీసుకెళ్లింది.

ఆ మాల్‌ను గీసిన విక్టర్ గ్రూయెన్ ఉద్దేశం మాత్రం వేరు. ఆయన వియన్నాలో పుట్టిన యూదు. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక అమెరికా చేరారు. కారు ఎక్కితే తప్ప ఇంకో మనిషి ముఖం కనిపించని శివార్లు చూసి, వియన్నా కూడలిలాంటిది ఒకటి అక్కడ కడదామనుకున్నారు. చుట్టూ ఇళ్లు, స్కూళ్లు, ఆస్పత్రి, చెరువు, పార్కు ఉండాలని ప్లాన్ వేశారు. పెట్టుబడిదారులకు అందులో లాభం కనిపించిన ముక్క మాల్ ఒక్కటే. అది కట్టారు, చుట్టూ పార్కింగ్ పరిచారు.

ఖాళీ అవుతున్న పాత ఊళ్లకు మందు రాసిచ్చిందీ ఆయనే. ఆయన సలహాతో 1959లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊరు తన మెయిన్ రోడ్డులో కొంత భాగం కార్లకు మూసేసి, చెట్లు నాటి, నడిచేవాళ్లకు వదిలేసింది. ఆ తర్వాత అమెరికాలో దాదాపు రెండు వందల ఊళ్లు అదే దారి పట్టాయి. చాలా చోట్ల ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవలేదు. కార్లను ఆపారు సరే, వీధి పైన కాపురాలు లేవు, సాయంత్రం ఆరు దాటితే ఆ దారిన పోయేవాళ్లూ లేరు. 1998లో కలమజూ కూడా కొంత భాగంలోకి కార్లను మళ్లీ రానిచ్చింది. గ్రూయెన్ ముసలితనంలో వియన్నాకు తిరిగి వెళ్లిపోయారు. తన పేరు చెప్పి కట్టిన మాల్స్‌తో తనకేం సంబంధం లేదని బహిరంగంగానే చెప్పారు. ఆయన ఉండగానే వియన్నా దక్షిణపు అంచున ఓ పెద్ద షాపింగ్ సెంటర్ వెలిసింది. ఇంతకన్నా వెటకారం ఉంటుందా!

ఇదే పని కోపెన్‌హాగన్‌లో ఫలించింది. 1962 నవంబర్‌లో అక్కడి స్ట్రోయెట్ వీధిని కార్లకు మూశారు. వ్యాపారులు గిరాకీ పోతుందని గోల పెట్టారు. గిరాకీ పెరిగింది. తేడా పేవ్‌మెంట్ రాళ్లలో లేదు. ఆ ఊళ్లో జనం ఊరి మధ్యే కాపురముంటున్నారు, సైకిళ్ల మీద తిరుగుతున్నారు. ఉన్న జనానికి జాగా ఇవ్వడం వేరు, పోయిన జనాన్ని జాగా చూపించి రమ్మనడం వేరు.

ఇక కుర్చీల సంగతి. 1961లో న్యూయార్క్ ఒక నిబంధన తెచ్చింది: భవనం ముందు జనం కోసం ఖాళీ స్థలం వదిలితే పైన అదనపు అంతస్తులు వేసుకోవచ్చు. బిల్డర్లు స్థలాలు వదిలారు, అంతస్తులు వేసుకున్నారు. ఆ స్థలాల్లో చాలావాటి వైపు మనుషులు తొంగి చూడలేదు. విలియం వైట్ అనే పాత్రికేయుడు 1970ల్లో కుర్రాళ్లను వెంటబెట్టుకుని, మేడల మీద కెమెరాలు బిగించి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎంతసేపు, ఎటు తిరిగి అని లెక్కపెట్టడం మొదలెట్టారు. నెలల తరబడి సినిమా రీళ్లు తిప్పి తేల్చిన మొదటి సంగతి వింటే నవ్వొస్తుంది: కూర్చోడానికి వీలున్న చోట జనం కూర్చుంటారు. అప్పటిదాకా ఆ మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

రెండోది ఇంకా చిన్నది, నాకు మరీ ఇష్టమైనది. కదిలే కుర్చీ దొరికితే మనిషి వెంటనే కూర్చోడు. ఓ రెండంగుళాలు ఇటు లాగుతాడు, మళ్లీ అటు జరుపుతాడు, చివరికి ఇంచుమించు అది ముందున్న చోటే కూర్చుంటాడు. నీడ మారలేదు, వ్యూ మారలేదు. అయినా ఇప్పుడది తను ఎంచుకున్న చోటు. నేలకు బిగించేసిన బెంచీ ఈ పని చేయలేదు. వైట్ పరిశీలనల వల్ల 1975లో న్యూయార్క్ నిబంధనలు మారాయి, ఎంత స్థలానికి ఎన్ని సీట్లు ఉండాలో రాశారు. అదే ఏడాది ఆయన దగ్గర పనిచేసిన ఫ్రెడ్ కెంట్ ‘ప్రాజెక్ట్ ఫర్ పబ్లిక్ స్పేసెస్’ సంస్థ పెట్టారు. ప్లేస్‌మేకింగ్ పేరుతో నేడు మనకు కనిపించే కసరత్తులో సగం అక్కడినుంచి వచ్చిందే. మాదకద్రవ్యాలు అమ్మేవాళ్ల అడ్డాగా పేరుపడ్డ బ్రయంట్ పార్క్ 1992లో కదిలే కుర్చీలతో మళ్లీ తెరుచుకుని, ఆ పద్ధతికి పెద్ద ప్రచారం తెచ్చింది.

అయితే ఆ పార్క్ ఫొటోల్లో కుర్చీలు కనిపిస్తాయి, వాటి వెనకున్న రసీదు పుస్తకం కనిపించదు. చుట్టుపక్కల భవన యజమానుల దగ్గర తప్పనిసరిగా వసూలు చేసే రుసుం మొదట్లో దాని నిర్వహణకు పెద్ద ఊతం.

ఆ ఏర్పాటు పుట్టింది టొరంటోలో. 1966లో బ్లోర్ వీధి కింద మెట్రో వచ్చింది. అప్పటిదాకా ట్రామ్ కిటికీలోంచి షాపులు చూసుకుంటూ వెళ్లిన జనం నేల కిందికి దిగిపోయారు. మరోవైపు మాల్స్ లాగేస్తున్నాయి. చందాలు వేసుకుని వీధి బాగుచేద్దామంటే పాత చిక్కే: ఇచ్చేవాడు ఇస్తాడు, ఇవ్వనివాడికీ దీపాల వెలుగు ఉచితం. అందుకని మెజారిటీ ఒప్పుకుంటే అందరి దగ్గరా పన్నుతో పాటే వసూలు చేసే వీలు చట్టం ద్వారా తెచ్చుకున్నారు. అలా 1970లో బ్లోర్ వెస్ట్ విలేజ్‌లో మొదలైన పద్ధతి ఖండాలు దాటింది, 2005కి ఇంగ్లండ్‌లోనూ అడుగుపెట్టింది. వీధులు శుభ్రపడ్డాయి, దీపాలు వెలిగాయి. కాకపోతే ఓటు వ్యాపారులకో భవన యజమానులకో తప్ప ఆ వీధి మేడ మీద అద్దెకుండేవాళ్లకు లేదు, కాలిబాట మీద అమ్ముకునేవాళ్లకూ లేదు. ఇల్లు లేనివాళ్లను సెక్యూరిటీ గార్డులు తరిమేస్తున్నారన్న ఫిర్యాదులు న్యూయార్క్ లాంటి చోట్ల మొదటినుంచీ ఉన్నాయి. స్థానికుల చొరవ అన్నప్పుడు స్థానికులంటే ఎవరన్న ప్రశ్న అప్పుడు వచ్చింది, ఇంకా తెగలేదు.

చిన్న ఊళ్ల సంగతికొస్తే 1977లో అమెరికాలోని పాత కట్టడాల పరిరక్షణ ట్రస్ట్ మూడు ఊళ్లలో ఒక ప్రయోగం చేసింది: గేల్స్‌బర్గ్, మాడిసన్, హాట్ స్ప్రింగ్స్. నడిపించింది మేరీ మీన్స్. మాల్‌లా కనిపించాలని పాత ముఖభాగాల మీద అల్యూమినియం రేకులు బిగించుకున్న కాలం అది. ఆ రేకులు పీకి కింది ఇటుకను బయటపెట్టడం కంటికి కనిపించే పని. అసలు పని, ఊరికో ఫుల్‌టైమ్ మేనేజర్‌ను పెట్టడం. ఏ షాపు లీజు ఎప్పుడు అయిపోతోంది, ఏ యజమాని ఏ ఊళ్లో ఉంటున్నాడు, ఎవరికి అప్పు కావాలి అని రోజూ తిరిగి కనుక్కునే మనిషి. మాల్‌కు ఎప్పుడూ ఓ మేనేజర్ ఉంటాడు, మెయిన్ రోడ్డుకు మాత్రం ఎందుకుండకూడదు? ప్రయోగం ఫలించి 1980లో జాతీయ కేంద్రంగా మారింది, ఇప్పటికీ నడుస్తోంది. వాలంటీర్ల ఉత్సాహం మీదే నడిచిన పథకాలకూ దీనికీ తేడా ఆ ఒక్క జీతం దగ్గరే ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇన్ని చేసినా షాపు ఖాళీగా ఉంటే యజమానికి నష్టం కాదా, అద్దె తగ్గించి ఎవరికో ఒకరికి ఇచ్చేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సొంతంగా షాపు నడుపుకునే మనిషి ఆ లెక్కే వేస్తాడు. ఇప్పుడు చాలా పట్టణాల్లో నడిబొడ్డు భవనాల యజమానులు దూరాన ఉన్న ఫండ్లు, కంపెనీలు. వాళ్లకు భవనం విలువ అంటే అది తెచ్చే అద్దెను బట్టి కాగితం మీద కట్టే విలువ. ఆ విలువ చూపించే బ్యాంకులో అప్పు తెచ్చి ఉంటారు. ఒక షాపుకు అద్దె సగం చేసి ఇస్తే కాగితం మీద విలువ పడిపోతుంది, పక్క షాపులవాళ్లూ తగ్గించమంటారు, బ్యాంకు టెన్షన్ పడుతుంది. ఖాళీగా ఉంచితే మాత్రం, మంచి బేరం కోసం చూస్తున్నామని పాత అంకెనే లెక్కల్లో కొనసాగించొచ్చు. అందుకే బయట ఎన్ని పూలకుండీలు పెట్టినా లోపల తాళం కదలదు. ఏళ్ల తరబడి నడిబొడ్డుకు మందు వీధిలో వెతికారు, జబ్బేమో లీజు కాగితాల్లో ఉంది.

ఈ సంగతి పట్టుకుని పనిచేసినవాళ్లు కొందరున్నారు. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ 1989లో భూకంపంతో దెబ్బతింది, పదేళ్లకు ఊరికి అన్నం పెట్టిన ఉక్కు ఫ్యాక్టరీ మూతపడింది. ఊరి మధ్య వరసగా ఖాళీ భవనాలు. అదే ఊరివాడైన మార్కస్ వెస్ట్‌బరీ 2008లో ‘రిన్యూ న్యూకాజిల్’ మొదలెట్టారు. యజమానులు భయపడుతున్నది లీజుకని ఆయన కనిపెట్టారు. లీజు రాస్తే అద్దెదారుకు హక్కులొస్తాయి, మంచి బేరం తగిలినా ఖాళీ చేయించడం కష్టం. అందుకని లీజు పక్కనపెట్టి, ముప్పై రోజుల నోటీసుతో రద్దయ్యే లైసెన్స్ ఒకటి తయారు చేయించారు. నెలనెలా అది కొనసాగుతుంది, అసలైన అద్దెదారు దొరికితే ఖాళీ చేయాలి. ఇన్సూరెన్స్‌ను రిన్యూ న్యూకాజిల్ తన పేరు మీదే తీసుకుంది. చేతిపనులవాళ్లు, డిజైనర్లు, ఫొటోగ్రాఫర్లు నామమాత్రపు రుసుంతో లోపలికి అడుగుపెట్టారు. కొందరు నిలదొక్కుకుని పూర్తి అద్దె కట్టే స్థాయికి వచ్చారు. ఆ ఊరు పర్యాటక గైడ్ల జాబితాల్లోకి కూడా ఎక్కింది.

ఇందులో లొసుగు కూడా ఆ లైసెన్స్‌లోనే ఉంది. కళాకారులు వచ్చి వీధికి వెలుగు తెస్తారు, వెలుగు చూసి అద్దెలు పెరుగుతాయి, పెరిగాక ముప్పై రోజుల నోటీసు వాళ్ల చేతికే వస్తుంది. సంస్థ 2019లో పని ముగించింది.

జపాన్‌లోని తకమాత్సులో మరుగమెమాచి వ్యాపారులు ఇంకా లోతుకు వెళ్లారు. 470 మీటర్ల పాత బజారు అది. 1988లో సముద్రం మీద సెతో వంతెన పడి ఇవతలి దీవి అవతలి పెద్ద ఊళ్లతో కలిసింది. భూముల ధరలు ఆకాశానికంటి కాపురాలు ఖాళీ అవుతున్నాయి. వీధిలో స్థలాలు చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకు ఒక్కో యజమాని, ఒక్కరు కాదంటే మొత్తం ఆగిపోతుంది. పూర్వీకుల స్థలం అమ్మమంటే ఎవరూ అమ్మరు. ఏళ్ల తరబడి చర్చించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు: పట్టా ఎవరిది వాళ్లకే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం దాదాపు అరవై ఏళ్లకు అందరూ కలిసి పెట్టుకున్న కంపెనీకి ఇస్తారు. గడువు ముగిశాక స్థలం కచ్చితంగా తిరిగొచ్చే లీజుకు 1990ల మొదట్లో వచ్చిన చట్టం వీలిచ్చింది. ఏ షాపు ఎక్కడుండాలో, ఏ సరుకు లోటుందో చూసి కంపెనీయే సర్దుతుంది. పైన అపార్ట్‌మెంట్లు కట్టారు, ఒక క్లినిక్ తెచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, యజమానికి వచ్చే ఆదాయాన్ని అమ్మకాలకు ముడిపెట్టారు. వీధి నడవకపోతే యజమాని జేబు కూడా నిండదు. మొదటి బ్లాక్ 2006లో తెరుచుకుంది. అంటే, అనుకున్న దానికీ తెరిచిన దానికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు. నిధులిచ్చే ప్రభుత్వాలు ఎన్నికల లెక్కలో ఆలోచిస్తాయి కాబట్టి ఈ ఓపిక మిగతా చోట్ల అరుదు.

లివర్‌పూల్‌లో గ్రాన్బీ వీధుల కథలో పూలకుండీలకు కూడా వాటా ఉంది. 1981 అల్లర్ల తర్వాత ఊరి పాలన చూసే కౌన్సిల్ అక్కడి ఇళ్లు కొని ఖాళీ చేయించి కూల్చేద్దామనుకుంది. మిగిలిన కొద్దిమంది మూసిన కిటికీల మీద బొమ్మలు వేశారు, వీధంతా మొక్కలు పెట్టారు, నెలనెలా సంత నడిపారు. 2011లో భూమిని స్థానికుల ఉమ్మడి చేతుల్లో ఉంచే ట్రస్ట్‌గా నమోదై, కౌన్సిల్ నుంచి పది ఇళ్లు తమ పేరు మీదికి తెచ్చుకున్నారు. ఆ పనిలో వాళ్లతో కలిసిన అసెంబుల్ అనే ఆర్కిటెక్టులు, డిజైనర్ల బృందానికి 2015లో బ్రిటన్‌లో కళలకిచ్చే టర్నర్ ప్రైజ్ వచ్చింది. పేపర్లలో ప్రైజ్ వార్తే పెద్దగా వచ్చింది. రిజిస్ట్రేషన్ జరిగిన రోజు ఏ ఫొటోగ్రాఫరూ వచ్చి ఉండడు.

బ్రిటన్ ప్రభుత్వానికి ఈ పాఠం ఆలస్యంగా ఎక్కింది. 2009 జనవరికల్లా ఊరూరా షాపులున్న ఊల్‌వర్త్స్ కంపెనీ 807 షాపులూ మూతపడ్డాయి. ప్రభుత్వం అడగగా రిటైల్ నిపుణురాలు మేరీ పోర్టాస్ రాసిన నివేదిక 2011 చివర్లో వచ్చింది, మరుసటి ఏడాది తొలి విడతలో పన్నెండు ఊళ్లకు లక్ష పౌండ్ల దాకా చొప్పున ఇచ్చారు. హడావుడి జరిగింది, షాపులు మూతపడుతూనే ఉన్నాయి. 2011 నాటి స్థానికత చట్టం ఇంగ్లండ్‌లో జనానికి ఓ అవకాశమిచ్చింది: తమకు ముఖ్యమైన భవనం అమ్మకానికి వస్తే డబ్బు కూడగట్టుకోడానికి ఆరు నెలలు ఆపించే వీలు. ఆర్నెల్ల తర్వాత యజమాని ఎవరికి అమ్మినా ఆ చట్టం అడ్డు పెట్టలేదు. స్కాట్లాండ్‌లో ఇంకొంచెం గట్టి హక్కు ఉంది. ముందే నమోదు చేసుకున్న స్థానిక సంఘానికి కొనుగోలులో మొదటి అవకాశం ఇవ్వాలి. పల్లెలకే ఉన్న ఆ హక్కు 2016 నుంచి పట్టణాలకూ వచ్చింది.

2024 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లకు మరో అధికారం చేతికొచ్చింది. గత రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న షాపును యజమానికి నోటీసులిచ్చి, అప్పటికీ కదలకపోతే, అద్దెకు వేలం వేయొచ్చు. ఏడాది నుంచి అయిదేళ్ల దాకా లీజు. తగ్గనివ్వని కనీస అద్దె అంటూ యజమాని పెట్టడానికి లేదు. వ్యాపారులతో పాటు స్థానిక సంఘాలూ పాడుకోవచ్చు. ఖాళీగా ఉంచుకోవడం కూడా యజమాని ఇష్టమే అన్న పాత నమ్మకంలో ఇంగ్లండ్ చట్టం జోక్యం చేసుకున్న ముఖ్యమైన సందర్భం ఇదే అని నా అభిప్రాయం. ఆ వేలంపాటలో నిలవాలంటే స్థానిక సంఘానికి రిజిస్టరైన పేరు, ముందుగా కట్టడానికి సొమ్ము, ఇన్సూరెన్స్, రోజూ షాపు తెరిచే మనిషి కావాలి. రంగు డబ్బాలకు ఇచ్చినంత తేలిగ్గా వీటికి గ్రాంట్లు ఇచ్చే అలవాటు ఇంకా చాలా ప్రభుత్వాలకు రాలేదు.