హ్యాపీ వీల్స్‌కి ఫ్లాష్ ప్లేయర్ అక్కర్లేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. పాతపట్నం నుంచి కూడా వస్తారు. సెలవులిచ్చారంటే చాలు, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లలది ఒకటే మాట: "అన్నా, ఫ్లాష్ ప్లేయర్ వేసిపెట్టు, హ్యాపీ వీల్స్ ఆడాలి." కొందరైతే అప్పటికే ఏదో దించుకుని, సిస్టమ్ పాడుచేసుకుని వస్తారు. హ్యాపీ వీల్స్ అంటే చక్రాల కుర్చీ, సైకిల్ లాంటి వాటి మీద అడ్డంకులు దాటుకుంటూ పోయే కంప్యూటర్ ఆట, గట్టిగా తగిలితే అందులో మనిషి రక్తం కారుతూ ముక్కలవుతాడు. ఫ్లాష్ ప్లేయర్ అంటే ఒకప్పుడు బ్రౌజర్‌లో ఇలాంటి ఆటలు నడిపించిన అడోబీ కంపెనీ ప్రోగ్రామ్.

అపోహ: ఫ్లాష్ ప్లేయర్ ఉండాలి, లేదా "ఫుల్ వెర్షన్" డౌన్‌లోడ్ చేసుకోవాలి.

వాస్తవం: రెండూ వద్దు. 2010లో వచ్చినప్పుడు అది ఫ్లాష్ ఆటే. కానీ అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్‌లో ఏదీ నడవకుండా చేసింది. అందుకే ఆటని జావాస్క్రిప్ట్‌లోకి, అంటే బ్రౌజర్ తనంతట తానే నడిపే ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చారు. ఆట తయారుచేసినవాళ్ల సొంత సైట్ టోటల్ జెర్క్‌ఫేస్‌లో, మామూలు బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. ఫుల్ వెర్షన్ అంటే అదే. మిగతా గేమ్ సైట్లలో తిరిగింది కొన్ని పాత్రలు, కొన్ని లెవెల్స్ మాత్రమే ఉన్న డెమో. మిగతా పాత్రల్ని ఎక్కడో అన్‌లాక్ చేసుకోవాలన్న ఆశ పిల్లల్లో అక్కడే పుట్టింది. దొంగ ఫైళ్లు బతికేది ఆ ఆశ మీదే. ఈరోజు ఏ పేజీ అయినా "ఫ్లాష్ అప్‌డేట్ చేయండి" అందంటే అది మోసం. ఆలోచించక్కర్లేదు, మూసేయండి.

మొన్న వేసవిలో ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. "బాబూ, ఏటైనాదో సూడు. ఈడేమో ఏటీ సెయ్యలేదంతన్నాడు." డౌన్‌లోడ్స్‌లో చక్రాల కుర్చీ బొమ్మతో ఒక ఫైల్ కనిపించింది. పేరు చూస్తే ఆటే అనిపిస్తుంది. విండోస్ ఫైల్ ఎక్స్‌టెన్షన్‌ని, అంటే ఫైల్ పేరు చివర డాట్ తర్వాత వచ్చే అక్షరాల్ని, మామూలుగా దాచిపెడుతుంది. ఆ సెట్టింగ్ మార్చి చూపించాను, చివర డాట్ ఈఎక్స్‌ఈ అని ఉంది, అంటే నొక్కగానే సిస్టమ్‌లో నడిచే ప్రోగ్రామ్. ఆ పేజీవాళ్లు చెప్పారని పిల్లాడు యాంటీవైరస్ కూడా ఆపేశాడు. బ్రౌజర్‌లో తల్లి మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ సేవ్ అయి ఉన్నాయి. ముందు నెట్ తీసేశాను. ఆవిడ ఫోన్‌లోంచే పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాను. ఆ తర్వాతే విండోస్ కొత్తగా వేశాను. డబ్బు పోలేదు, అదృష్టం. పిల్లాడు తలెత్తలేకపోయాడు. దయచేసి ఇలాంటప్పుడు పిల్లల్ని కొట్టకండి. కొడితే ఈసారి విషయం దాస్తారు, మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఖాతాలోంచి డబ్బు పోతే షాపుకి రావడానికి ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: ఆట ఆగి ఆగి నడుస్తోందంటే గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

వాస్తవం: ఇందులో దెబ్బలూ పడిపోవడాలూ ముందే గీసిపెట్టిన బొమ్మలు కావు. శరీరం ముక్కలు ముక్కలుగా కీళ్లతో కట్టి ఉంటుంది. ఎక్కడ ఎంత జోరుగా తగిలిందో బాక్స్2డి అనే ఫిజిక్స్ ఇంజిన్ అప్పటికప్పుడు లెక్కగడుతుంది. ఆ లెక్క చేసేది ప్రాసెసర్. ఎవరో వందల వస్తువులు కుక్కేసిన లెవెల్ అయితే మంచి సిస్టమ్ కూడా నెమ్మదిస్తుంది. డబ్బు పెట్టే ముందు ఇంకో లెవెల్ ఆడి చూడండి.

పెద్ద కంపెనీ ఆట అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు, జిమ్ బొనాచ్చి అనే అమెరికా డెవలపర్ సొంతంగా మొదలుపెట్టింది.

అపోహ: ఇది ఆడితే పిల్లాడు రేపు బండి కూడా అలాగే నడుపుతాడు.

ఈ మాట అడిగే తండ్రుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. సైకిల్ వెనక కొడుకుని కూర్చోబెట్టుకున్న తండ్రి ముళ్ల మీద పడి ముక్కలవుతుంటే, పక్కన పిల్లాడు పకపకా నవ్వుతుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ ఆ నవ్వు చూసి వాడికి జాలి లేదని తేల్చేయకండి. రక్తం ఉంది కాబట్టి చిన్న క్లాసుల పిల్లలకి వద్దనే చెబుతాను. పెద్ద పిల్లలైతే పక్కన కూర్చుని ఒక లెవెల్ చూడండి, సొంతంగా లెవెల్స్ కట్టుకునే లెవెల్ ఎడిటర్ కూడా తెరిపించండి. మా వీధిలో ప్లస్ టూ చదివే కుర్రాడు అందులో ఊగే వంతెన కట్టాడు. కీలుకి మోటారు పెట్టి, టార్క్ (తిప్పే బలం) పెంచితే వంతెన ఎగిరిపోతోంది, తగ్గిస్తే కదలడం లేదు. టార్క్ అంటే ఏమిటని వాళ్ల ఫిజిక్స్ సార్‌ని వాడే వెళ్లి అడిగాడట.