చికాగో పోవాలంటే ముందు ఉత్తరానికి తిరగాలి

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. పిల్లలు విమానం ఎక్కారంటే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో మ్యాప్ తెరిచి కూర్చుంటారు, చూసిన ప్రతివాళ్లకూ అదే అనుమానం: అమెరికా పడమర కదా, ఇదేంది మంచు దేశాల మీదికి పోతోంది? టెన్షన్ అక్కర్లేదు, దగ్గరి దారి అదే.

ఒక నల్లగొండ బత్తాయి తీసుకుని తొక్క ఒలిచి బల్ల మీద పరిచి చూడండి, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. చిరగొద్దంటే సాగదీయాల్సిందే, మ్యాపులు గీసే మెర్కేటర్ అనే ఆయన 1569లో గీసిన ప్రపంచ మ్యాప్‌లో జరిగింది ఇదే. దిక్సూచితో పోయే నావికులకు ఒకే దిక్కు పట్టుకుని పోయే దారి సరళరేఖగా కనిపించాలని ఆయన అలా గీశాడు, వాళ్లకు అది నిజంగా గొప్ప మేలు. కానీ భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లయితే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే, మ్యాప్ మాత్రం రెండింటినీ ఒకే వెడల్పున చూపిస్తుంది. గ్రీన్‌లాండ్ అంత పెద్దగా కనిపించేది అందుకే. నిజానికి మన దేశమే దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

బడిలో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని, ఒక కొన హైదరాబాద్ మీద, ఇంకో కొన చికాగో మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం అరేబియా వైపు పోనేపోదు. కాస్త పడమరకు ఒరిగి దాదాపు నేరుగా ఉత్తరానికి ఎక్కి, పంజాబ్, మధ్య ఆసియా, రష్యా దాటి, ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దగ్గరి దాకా పోయి, గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. జడ్చర్ల నుంచి షంషాబాద్‌కు హైవే మీద ఉత్తరానికి పోతున్నప్పుడే చికాగో వైపు పోతున్నట్టన్నమాట! ఈ దారి సుమారు 13,300 కిలోమీటర్లు. అదే మెర్కేటర్ మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన దారినే పోతే 16,100 అవుతుంది.

దుబాయ్‌లో దిగి మారినా మొత్తం 14,200 లోపే, అంటే మనం అనుకునేంత చుట్టేమీ కాదు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం నడపడం మొదలుపెట్టింది. అయితే ఏ విమానమూ సరిగ్గా దారం లాగిన గీత మీదే పోదు. పైన పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ గాలుల్ని తప్పించుకోవాలి, మూసిన గగనతలాలను చుట్టి పోవాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసేశాక ఉత్తర భారతం నుంచి పడమర పోయే చాలా విమానాలకు ప్రయాణం పెరిగింది.

మరి షంషాబాద్‌కు అన్నిటికన్నా దూరపు విమానాశ్రయం ఏది? గ్లోబు మీద మనకు సరిగ్గా అవతలి వైపున్న బిందువు పసిఫిక్ సముద్రంలో పడుతుంది, అక్కడ నేల లేదు. దానికి దగ్గర్లో ఉన్నది చిలీ దేశపు ఈస్టర్ దీవి, మనకు 18,650 కిలోమీటర్లు. అంత దూరం ఆగకుండా పోయే ప్రయాణికుల విమానం లేదు, సింగపూర్–న్యూయార్క్ దారే 15,300 దగ్గర ఆగుతుంది. ఆ దీవికి దగ్గరి దారిన కాకుండా పూర్తిగా ఎదురు దిక్కున బయలుదేరినా అదనంగా పడేది 2,700 కిలోమీటర్లే.