ముసురు పట్టిన రోజు ఇంట్లో: అపోహలు - వాస్తవాలు

బతుకమ్మ రోజులు దగ్గర పడుతుంటే మా ఓరుగల్లుకు ఒక వాన వస్తుంది. శ్రావణంలో దంచికొట్టే వాన తీరు వేరు, దీని తీరు వేరు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందని టీవీలో చెప్పిన మర్నాటికి ముసురు పడుతుంది. ఇక రెండు రోజులు ఎండ మొహం కనబడదు. తంగేడు పూలకు, గునుగు పూలకు తిరగాల్సిన పిల్లలు అరుగు మీద కూర్చుని చూరు నీళ్ల కింద చేతులు పెడుతుంటారు.

నేను హన్మకొండలో ఇరవై ఏళ్లుగా ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను. ముసురు రోజు క్లినిక్‌కు వచ్చేవాళ్లు తక్కువ, ఫోన్లు ఎక్కువ. "మేడం, పిలగాడు వానల తడిసిండు, ముందుగాలనే ఏదన్న గోలి వెయ్యమంటరా?" "పొద్దటి నుంచి ఒకటే నిద్ర వస్తున్నది, రక్తం తక్కువైందా?" ఇన్నేళ్లు ఇవి విన్నాక నాకు తోచింది ఒకటుంది. ముసురు రోజును హాయిగా గడపనివ్వని భయాల్లో చాలావాటికి ఆధారం లేదు. నిజంగా భయపడాల్సిన సంగతుల గురించి మాత్రం ఎవరూ ఫోన్ చేయరు.

అన్నిటికంటే ముందు ఒక మాట. నేను రాస్తున్నది ఇంట్లో నేల పొడిగా ఉన్నవాళ్ల ముసురు గురించి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారం మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో అందరం చూశాం. గడపలోకి నీళ్లు వస్తుంటే కరెంటు మెయిన్ ఆపి, మనుషులను ఎత్తయిన చోటికి చేర్చాలి. చాయ్, బజ్జీల ముచ్చట తర్వాత.

అపోహ: వానలో తడిస్తే జలుబు చేస్తుంది.

జలుబు తెచ్చేది వైరస్. అది మనిషి నుంచి మనిషికి వస్తుంది, వాన చినుకుల్లోంచి రాదు. ముసురు రోజు కిటికీలన్నీ మూసి ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చుంటాం. ఒకరు తుమ్మితే మూడో రోజుకు నలుగురికి అంటుతుంది. కానీ తప్పంతా వాన మీదికి పోతుంది.

అట్లాగని పెద్దవాళ్ల మాటను పూర్తిగా కొట్టేయలేను. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 180 మందితో చేసిన ఒక పరిశోధన 2005లో అచ్చయింది. సగం మంది పాదాలను 20 నిమిషాలు చల్లటి నీళ్లలో పెట్టించారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో ఆ 90 మందిలో 13 మంది తమకు జలుబు చేసిందన్నారు. మిగతా 90 మందిలో ఐదుగురే ఆ మాట అన్నారు. ముక్కులో ముందే చేరి ఉన్న వైరస్‌కు చలి కాస్త అదును ఇస్తుందని ఆ పరిశోధకుల ఊహ. అందుకని నేను తల్లులకు చెప్పేది ఇదే. ఉరుములు లేకపోతే పిల్లలను కాసేపు తడవనివ్వండి. లోపలికి రాగానే తల, పాదాలు తుడిచి పొడి బట్టలు వేయండి. ఒక కిటికీ ఓరగా తెరిచి ఉంచండి. ముందుజాగ్రత్తకని యాంటీబయాటిక్ గోలి మాత్రం వద్దు. వైరస్ మీద అది పనిచేయదు.

అపోహ: వాన రోజు నిద్ర ముంచుకొస్తే ఒంట్లో ఏదో లోపం ఉన్నట్టు.

ఒంటికి పగలు, రాత్రి తెలిసేది వెలుతురుతోనే. మబ్బు పట్టి గది చీకటైతే మెదడుకు పొద్దు పొడిచిందన్న కబురు సరిగా అందదు. దానికి తోడు చల్లదనం, ఒకే తీరుగా పడే వాన చప్పుడు. కళ్లు మూతపడడం సహజం. పడుకోండి. చెద్దరు కప్పుకుని అరగంట కునుకు తీయడం బద్ధకం కాదని నేను గట్టిగా చెబుతాను. రెండు గంటలు పడుకుంటే మాత్రం లేచాక తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్ర చెడుతుంది. లేచాక కిటికీ పక్కన కూర్చోండి. మబ్బు పట్టిన ఆకాశం నుంచి వచ్చే వెలుతురు కూడా చాలాసార్లు మన ట్యూబ్‌లైటు వెలుతురు కంటే ఎక్కువే.

ముసురు లేని రోజుల్లో కూడా ఇలాగే నిద్ర వస్తుంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే రక్త పరీక్ష చేయించాల్సిందే.

అపోహ: తలుపులు మూసి కుంపటి పెట్టుకుంటే ఒళ్లు వెచ్చబడుతుంది, ఏ హానీ లేదు.

ఈ ఒక్కటి అందరూ చదివితే చాలు అనుకుంటూ రాస్తున్నాను. బాలింత ఉన్న ఇంట్లో, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ముసురు పడితే గదిలో నిప్పుల కుంపటి పెట్టి, తలుపు దగ్గరికి వేసి, పైన సాంబ్రాణి వేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ గాలి ఆడని గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మగత. నిద్రలో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు. పొగ కనబడడం లేదు కదా అని ధైర్యం చెప్పుకుంటారు. ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కూడా ఈ వాయువు వస్తుంది.

ఆ గదిలో ఎవరికైనా తల తిరిగితే ముందు వాళ్లను బయటి గాలికి తీసుకురండి, ఆ తర్వాత 108కు ఫోన్ చేయండి. పసిబిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి ఒడిని మించింది లేదు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పైన చెద్దరు కప్పితే చాలు. పెద్దవాళ్లకు గొంగడి, కాళ్లకు సాక్సులు. కరెంటు పోయినప్పుడు పెట్టే జనరేటరుకూ ఇదే లెక్క. అది ఇంటి బయట, కిటికీలకు దూరంగా ఉండాలి.

దోమల చుట్ట (మస్కిటో కాయిల్) గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత అని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. ఉబ్బసం ఉన్న పిల్లలు ముసురు రాత్రుల్లో ఆయాసపడుతుంటే నేను మొదట అడిగేది చుట్ట గురించే. దోమతెర కట్టండి.

అపోహ: దోమలు సాయంత్రం తర్వాతే కదా, పగలు ఏం కాదు.

డెంగీ తెచ్చే దోమ పగలే కుడుతుంది. పొద్దున, పొద్దుగూకే ముందు మరీ ఎక్కువ. మోరీలో కంటే కుండీ కింది పళ్లెంలో, కూలర్‌లో, డాబా మీద పడేసిన టైరులో నిలిచిన మంచి నీళ్లంటేనే దానికి ఇష్టం. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వాన తెరిపి ఇవ్వగానే డాబా ఎక్కి నీళ్లు ఒంపేసి రండి. ఈ రోజుల్లో జ్వరం వస్తే పారాసెటమాల్ వరకే. ఒళ్లునొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం పెరగవచ్చు.

అపోహ: వాన రోజు నూనె వంటలు లేకపోతే నోటికి రుచే ఉండదు, తింటేనేమో గుండెకు చేటు.

ఈ రెండు మాటల మధ్య మా ఇళ్లలో పెద్ద గొడవే జరుగుతుంది. నెలకోసారి నాలుగు మిర్చి బజ్జీలతో గుండె ఆగదు. చెడ్డది, అదే నూనెను వడగట్టి మళ్లీ మళ్లీ కాచడం. ఇంకొకటి, నూనె సరిగా కాగకముందే పిండి వేస్తే బజ్జీ ఎక్కువ నూనె పీలుస్తుంది.

కానీ మన దగ్గర సర్వపిండి (సర్వప్ప) ఉండగా బజ్జీ కోసం అంత ఆరాటం ఎందుకు? బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, గంజు లోపలి గోడలకు పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద వదిలేస్తాం. అడుగు ఎర్రగా కాలి అంచులు కరకరలాడతాయి. రెండోది ఒత్తే ముందు గంజును బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, లేకపోతే చేయి కాలుతుంది. ఆ నీళ్లు పోసిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ మా అమ్మ వంటిల్లే గుర్తొస్తుంది. రెండు మూడు చెంచాల నూనెతో ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. పప్పు, పల్లీ, నువ్వులు ఉన్నాయి కాబట్టి ఉత్త బియ్యం కంటే కడుపు నిలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఒక ముక్క తిని, ఆ పూట అన్నం అంతమేరకు తగ్గించుకోవచ్చు.

అపోహ: మక్క కంకి తిని నీళ్లు తాగితే కడుపునొప్పి.

తాగొచ్చు. నొప్పి వచ్చేది సరిగా నమలకుండా మింగినా, నీళ్లు మంచివి కాకపోయినా. వానల్లో నీళ్లను ఒక నిమిషం తెర్లనిచ్చి, చల్లార్చి తాగండి.

అపోహ: చల్లటి వాతావరణం కదా, పొద్దటి అన్నం రాత్రి దాకా పాడుకాదు.

మనకు చలి అనిపించే 24, 25 డిగ్రీలు సూక్ష్మజీవులకు హాయిగా పెరిగే వేడే. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. బయట వదిలేస్తే పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. సద్దుల బతుకమ్మ నాటి చింతపండు పులిహోర పులుపు వల్ల కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలు తెల్లన్నానికి ఆ బలం లేదు.

అపోహ: వాన పడుతుంటే ఎన్ని చాయ్‌లైనా తాగొచ్చు.

పొగలు కక్కే చాయ్‌ను రెండు నిమిషాలు ఆగి తాగండి. 65 డిగ్రీల కంటే వేడిగా తాగే పానీయాలు అన్నవాహికలో క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. అన్నం తిన్న వెంటనే తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ. గంట ఎడం ఇస్తే చాలు.

అపోహ: ముసురు పడితే మోకాళ్లు నొస్తాయి, కాబట్టి మంచం దిగొద్దు.

నొప్పి అబద్ధం అని నేను ఏ అవ్వతోనూ అనను. 2019లో అచ్చయిన ఒక పరిశోధన కోసం బ్రిటన్‌లో 2,600 మందికి పైగా రోజూ తమ నొప్పిని ఫోన్‌లో నమోదు చేస్తే, గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో నొప్పి కొంచెం పెరిగినట్టు తేలింది. తేడా చిన్నదే. అయితే రెండు రోజులు కదలకుండా పడుకుంటే కీళ్లు బిగుసుకుపోతాయి, ఆ బాధ ముసురు తెచ్చే బాధ కంటే పెద్దది.

నా దగ్గరికి వచ్చే ఒక అవ్వ ముసురు పడితే మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని మంచం మీదే ఉండేది. గంటకోసారి లేచి ఇంట్లోనే పది నిమిషాలు తిరగమని, కూర్చున్నచోటే కాళ్లు చాపి ముడవమని చెప్పాను. మొన్నటి ముసురుకు నేనే ఫోన్ చేసి అడిగాను.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"ఏం జేస్త బిడ్డా, మనుమలు సర్వప్ప అడిగిన్రు. పొద్దటి సంది పొయ్యి కాడనే నిలవడ్డ. ఇది మూడో గంజు."