నూనెలో కాగిన బేరింగు

పిల్లలూ,

దాళ్వా ధాన్యం ఎత్తే రోజులు కదా, రావులపాలెం రోడ్డు పక్కన షెడ్డులో లారీలు వరసకట్టి ఉన్నాయి. ఒకదానికి వెనక హౌసింగు, అంటే ఇనప డొప్ప, విప్పి డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని వెనక చక్రాలకి పంచే భాగం) సామానంతా గోనెపట్టా మీద పరిచారు. మేస్త్రిగారు గిన్నెలో నూనె కాచి, కొత్త బేరింగును (ఇరుసు సులువుగా తిరగడానికి వేసేది, రెండు రింగులూ మధ్యలో రోలర్లూ ఉంటాయి) తీగకు కట్టి అందులో ముంచి, తీసి షాఫ్టుకి, అంటే ఇరుసుకి, తొడగడం చూసి మీలో చిన్నది నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "తాతయ్యా, వేడికి ఇనుము ఉబ్బుతుందన్నావు. ఉబ్బితే మధ్యలో బొక్క ఇరుకవ్వాలి గదా! మరి బేరింగు ఆ షాఫ్టు మీదికి ఎలా దిగింది?"

మంచి ప్రశ్న. తీరిగ్గా కూర్చుని దానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు ఎడ్లబండి చక్రం చూశారుగా. మధ్యలో కుండ, కుండ చుట్టూ ఆకులు, ఆకుల చివర గుండ్రంగా అమర్చిన చెక్కముక్కలు, అంటే పూటీలు, అన్నింటినీ బిగించి పట్టుకునే ఇనప పట్టా. ఆ పట్టాకి ఒక్క మేకు లేకపోయినా రాళ్లబాటలో ఊడదు. మా చిన్నప్పుడు ఆ పట్టా వేసేది కాలవ గట్టు మీదే, నీళ్లు దగ్గరుంటాయని. కమ్మరి చక్రం చుట్టూ దారంతో కొలిచి, అంతకంటే ఒక వేలి మందం తక్కువగా ఇనప కమ్మీ కోసి, వంచి, కొసలు అతికేవాడు. దాన్ని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో ఎత్తుకొచ్చి చక్రం మీద వదిలేవారు. అంతవరకూ పట్టనన్న పట్టా ఇట్టే దిగేది. తుమ్మకర్ర కాలి పొగ లేచేది. అప్పుడు మాదీ పని. బిందెలతో నీళ్లు పోయాలి. "ఒకచోటే కుమ్మరించకండ్రా, చుట్టూ తిరుగుతూ పొయ్యండి" అని కమ్మరి తాత అరిచేవాడు. ఒక పక్కే చల్లారితే చక్రం వంకర పోతుంది. ఏ పనైనా తొందరపడి ఒకే చోట కుమ్మరిస్తే అంతేనని ఆ గట్టు మీదే నేర్చుకున్నాను. పట్టా ముడుచుకుంటుంటే పూటీలు కిర్రుకిర్రుమంటూ దగ్గరకొచ్చేవి.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను తల్లీ. పట్టా అంటే ఏమిటి? తిన్నటి కమ్మీని వంచిందే. వేడికి కమ్మీ పొడుగవుతుంది. పొడుగైన కమ్మీతో చుట్టిన గుండ్రం పెద్దదే అవుతుంది, దాంతో పాటు లోపలి బొక్కా పెద్దదవుతుంది. బేరింగు లోపలి రింగూ, మేస్త్రిగారు 'కోను' అనేది, ఆ పట్టాలాంటిదే.

లెక్క కావాలా? ఉక్కు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 70 మిల్లీమీటర్ల బొక్కని 35 డిగ్రీల నుంచి 110కి తీసుకెళితే 0.063 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పినియన్ షాఫ్టు, అంటే చిన్న పళ్లచక్రం ఉన్న ఇరుసు, ఆ బొక్క కంటే 0.04 లావుందనుకోండి, ఇంకా 0.02 ఖాళీ మిగులుతుంది. అది చాలు. కోను తన బరువుకే జారి దిగుతుంది. దిగాక మేస్త్రిగారు దాన్ని కిందికి అదిమిపెట్టి కాసేపు వదల్లేదు, గమనించారా? చల్లారేటప్పుడు అది అడ్డంగానే కాదు, మందంలోనూ ముడుచుకుంటుంది. అదమకపోతే షాఫ్టు మెట్టుకి ఆనకుండా సందు మిగిలిపోతుంది.

ఇంత బిగువు ఎందుకంటే, వదులుగా ఉన్న కోను షాఫ్టు మీద మెల్లగా తిరుగుతూ షాఫ్టునే అరగదీస్తుంది. ఎండాకాలం పూటీలు ఎండి పట్టా వదులైన బండి ఎలా లొడలొడలాడేదో నాకు ఇప్పటికీ గుర్తే. సాయంత్రం చక్రాన్ని నీళ్లలో నిలబెట్టేవారు, కర్ర నాని బిగుస్తుందని. ఉక్కు షాఫ్టుని నానబెట్టలేం కదా, అందుకే ముందే బిగువు.

సుత్తితో కొట్టేస్తే తొందరగా అయిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ దెబ్బ రోలర్ల మీద పడితే లోపల గుంటలు పెడుతుంది. కొన్నాళ్లకి బండి రోడ్డు మీద 'వూ' అని ఊళపెడుతుంది. గ్యాసుమంట నేరుగా పెట్టినా ప్రమాదమే. ఉక్కు నీలంరంగు తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. 120 దాటనివ్వకూడదు. అందుకే గిన్నెలో నూనె, నూనెలో థర్మామీటరు, అడుగు తగలకుండా తీగ.

బయటి రింగుని, అంటే 'కప్పు'ని, హౌసింగులోకి దించాలంటే ఇదంతా తిరగేయాలి. దాన్ని ఐసులో పెట్టి ముడుచుకునేలా చేస్తారు. రొయ్యల కోసం ఐసు కొట్టే ఫ్యాక్టరీలు మన డెల్టాలో ఉన్నాయి కదా, అక్కణ్ణుంచి తెచ్చుకోవడమే. చెమ్మ తుడిచి దించాలి, లేకపోతే తుప్పు.

అసలు వేడికి ఇనుము ఎందుకు పెరుగుతుందో మీ సైన్సు మాస్టారు చెబుతారు. నాకైతే ఇంతకాలమైనా ఆశ్చర్యం తీరలేదు. 1974లో కట్టిన రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన మీద బస్సు పోతుంటే మధ్యమధ్య చప్పుడొస్తుంది కదా, అవి అతుకులు. వాటిలో పెద్ద గర్డరు ఒక్కోటి సుమారు 90 మీటర్లు. 20 డిగ్రీల తేడాకి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకి చోటు వదిలి కట్టారు.

రేపు పొద్దున షెడ్డుకి వెళ్లండి. నూనె గిన్నెకి దూరంగా నిలబడండి, అందులో నీటిచుక్క పడనివ్వకండి. పినియన్ నట్టు బిగించాక దాన్ని ఒకసారి చేత్తో తిప్పనివ్వమని మేస్త్రిగారిని అడగండి. కొంచెం బరువుగా, ఎక్కడా పట్టకుండా, అటూఇటూ ఊగకుండా తిరగాలి. ఎలా ఉందో నాకు రాయండి.

మీ తాతయ్య