క్లోరిన్ 35.45లో ఆ చిల్లర ఎక్కడిది? అపోహలు - వాస్తవాలు

మందుల కంపెనీ ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి వేరు చేసి చూపించే మెషిన్) నడపడం నా పని. కొత్తగా చేరేవాళ్లంతా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే వస్తారు. అయినా ఈ అపోహలు కూడా వాళ్ల వెంటే వస్తాయి.

అపోహ: ఆవర్తన పట్టికలో క్లోరిన్ పరమాణు భారం 35.45 కాబట్టి, క్లోరిన్ పరమాణువు ఒక్కోటి 35.45 ఉంటుంది.

వాస్తవం: అలాంటి పరమాణువు ఒక్కటీ లేదు, 35.45 అనేది సగటు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో నూటికి దాదాపు 76 పరమాణువులు క్లోరిన్-35, మిగతావి క్లోరిన్-37. రెండిటిలోనూ ప్రోటాన్లు 17. తేడా న్యూట్రాన్లలోనే: ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 20.

అపోహ: సగటు అంటే రెండూ కూడి రెండుతో భాగించడమే.

వాస్తవం: అలా చేస్తే 36 వస్తుంది. కిలో 50 రూపాయల బియ్యం మూడు కిలోలకు, కిలో 60 రూపాయల బియ్యం ఒక కిలో కలిపితే కిలో 55 పడదు కదా, 52.50 పడుతుంది. ఇదీ అంతే: 34.969 × 0.7576 + 36.966 × 0.2424 = 35.45.

అపోహ: మెషిన్ గీసే గ్రాఫ్‌లో, సీసా మీద రాసిన అణుభారం దగ్గరే పీక్ (శిఖరం) వస్తుంది.

వాస్తవం: కొత్తవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. బ్రోమోబెంజీన్ పెట్టిన ఒకమ్మాయి "సార్, 157 రావాలి, 156, 158 వస్తున్నాయి. క్యాలిబ్రేషన్ పోయిందేమో" అంటూ పరుగున వచ్చింది. మెషిన్‌కేమీ కాలేదు. ప్రకృతిలో బ్రోమిన్-79, బ్రోమిన్-81 దాదాపు చెరిసగం ఉంటాయి. సగటు 79.90 అయినా, బ్రోమిన్-80 మాత్రం ప్రకృతిలో దొరకదు. మెషిన్ సగటు తీయదు, ఏ బరువు అణువులను ఆ బరువు దగ్గరే చూపిస్తుంది. అందుకే దాదాపు ఒకే ఎత్తులో జంట పీకులు. (157 దగ్గర చిన్న పీక్ కనిపిస్తే అది కార్బన్-13 పని.) క్లోరోబెంజీన్‌లో అయితే 112, 114 పీకులు మూడుకు ఒకటి చొప్పున వస్తాయి. అణువులో ఒక క్లోరిన్ ఉందా, ఒక బ్రోమిన్ ఉందా అన్నది ఆ ఎత్తులు చూసే చెప్పేస్తాం. సగటు అవసరమయ్యేది త్రాసు దగ్గర. అక్కడ చిటికెడు పొడిలోనూ లెక్కలేనన్ని అణువులుంటాయి.

అపోహ: దశాంశాలన్నీ ఐసోటోపుల (క్లోరిన్-35, 37 లాగా ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉండే రకాల) వల్లే.

వాస్తవం: ఫ్లోరిన్‌కు ప్రకృతిలో ఉన్నది ఒకటే ఐసోటోపు, అయినా 18.998. కేంద్రకం ఏర్పడేటప్పుడు కొంత ద్రవ్యరాశి శక్తిగా పోతుంది. సరిగ్గా 12 ఉండేది కార్బన్-12 ఒక్కటే, అదీ కొలమానానికి దాన్నే ఆధారంగా పెట్టుకున్నాం కాబట్టి.

అపోహ: పట్టికలోని అంకె ఏ నమూనాకైనా ఒకటే.

వాస్తవం: మామూలు సీసం 207.2. యురేనియం-238 క్షీణించి చివరికి సీసం-206 అవుతుంది, థోరియం-232 సీసం-208 అవుతుంది. కాబట్టి సీసం ఏ ఖనిజంలోంచి వచ్చిందో దాన్ని బట్టి సగటు మారుతుంది. యురేనియం ఖనిజాల్లోని సీసం తేలికని అమెరికాలో థియోడర్ రిచర్డ్స్ 1914లోనే తూచి చూపించాడు.

లిథియంది మనుషుల నిర్వాకం. హైడ్రోజన్ బాంబుల కోసం లిథియం-6ను వేరు చేసి తీసుకున్నాక, మిగిలింది మార్కెట్‌కు వచ్చింది. పట్టికలో 6.94 అని ఉన్నా, కొన్ని సీసాల్లోని లిథియం 6.99 దాకా ఉంటుంది. లిథియం లవణంతో కచ్చితమైన ద్రావణం చేయాలంటే ముందు లేబుల్ చదివి, తర్వాతే తూకం వేయండి.