నాట్లకు వంగలేని నడుముకు ఎంత శాతం?

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో తరాల తరబడి తాగిన బోరు నీళ్లే ఎముకలను బిగించేశాయి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఇక్కడ చాలా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. 'నల్గొండ టెక్నిక్' అని దానికి దేశదేశాల్లో పేరొచ్చింది గానీ, పేరిచ్చిన జిల్లా మంచినీళ్ల కోసం ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ దాకా చూడాల్సి వచ్చింది. 2015లో ఆ పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు.

నీళ్లు మారాయని వంగిన నడుము నిటారు కాదు. ఇక్కడ ఆడవాళ్లకు దొరికే కూలీ ఎక్కువగా నాట్లు, కలుపు. పొద్దంతా బురదలో వంగి ఉండాలి. మోకాళ్లు మడవలేని మనిషిని ఏ గుంపూ కలుపుకోదు. పాలమూరులోనైతే ఊరు ఊరంతా వలసపోతే, పోలేని ఆడమనిషి ముసలివాళ్లతో ఇంటి దగ్గర మిగిలేది. 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు తొలి 6 జిల్లాల్లో ఈ పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. తర్వాత వికలాంగులకూ పొదుపు సంఘాలు పెట్టించారు. మంచిదే, కానీ కూలీ దొరకని మనిషి నెలనెలా పొదుపు ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి?

చివరికి ఆమెకు మిగిలిన ఆదాయం పింఛనే. ఉమ్మడి రాష్ట్రంలో 500 ఉన్నది 2014లో ఆసరాతో 1500, 2019లో 3016, 2023లో 4016 రూపాయలైంది. ఇది చిన్న మార్పేమీ కాదు. ఇంట్లో ఆమె మాటకు విలువ పెరిగింది. కేంద్రం వికలాంగుల పింఛను మాత్రం 300 దగ్గరే ఆగింది, అదీ 80 శాతం వైకల్యం ఉంటేనే.

అసలు చిక్కు వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ దగ్గర. అక్కడ 40 శాతం వస్తేనే రాష్ట్ర పింఛను. డాక్టరు కొలిచేది కీలు ఎంత తిరుగుతుందో; ఆ కీలుతో నాట్లు వేయగలదా అని ఎవరూ అడగరు. 38 శాతం వచ్చినామెకు పింఛనూ లేదు, కూలీ కూడా లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ సాగుభూమి, ఇళ్ల కేటాయింపుల్లో 5 శాతం వికలాంగులకు ఇమ్మంది, అందులో మహిళలకు ప్రాధాన్యం ఇమ్మంది. ఆ హక్కుకూ అర్హత 40 శాతమే. పింఛను ఎంత పెంచుతారన్నది ప్రతి ఎన్నికల్లో వినిపిస్తుంది. ఈ భూమి మాట మాత్రం ఏ మీటింగులోనూ ఎత్తరు.