యుద్ధం నుంచి వచ్చిన ఓటు

చిన్నారులకు,

యుద్ధానికి వెళ్లిన సైనికుడు ఓటెలా వేస్తాడని మొన్న అడిగారు కదా. మంచి ప్రశ్న. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఒకప్పుడు దీనికి జవాబు ఒక్కటే: వేయలేడు. ఓటు ఊళ్లో ఉంటుంది, మనిషే అక్కడికి రావాలి. అమెరికాలో 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. ప్రాణాలొడ్డి పోరాడేవాడికే ఆ యుద్ధం గురించి మాట చెప్పే హక్కు లేదన్నమాట. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

1864 నవంబరు 8న అధ్యక్ష ఎన్నిక వచ్చింది. అప్పటికి ఉత్తరాదిన 19 రాష్ట్రాలు చట్టాలు మార్చుకుని, సైనికులు ఉన్నచోటి నుంచే ఓటేయవచ్చన్నాయి. కొన్ని రాష్ట్రాల వాళ్లకు శిబిరంలోనే ఓటుపెట్టె పెట్టారు. న్యూయార్క్ వాళ్ల పద్ధతి మాత్రం వేరు. సైనికుడు తన ఓటు కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి అంటిస్తాడు. ఊళ్లో తనకు నమ్మకమున్న ఒకరికి, 'నా బదులు నువ్వు వెయ్యి' అని సంతకంతో అధికారపత్రం రాసిస్తాడు. రెండూ కలిపి పోస్టులో పంపిస్తాడు. పోలింగ్ రోజున ఆ మనిషి కవరు తీసుకెళ్లి అధికారుల చేతికిస్తాడు. ఆ కవరు పట్టుకున్న తండ్రి ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించండి. కొడుకు ఇంకా బతికే ఉన్నాడో లేదో తెలియదు, ఓటు మాత్రం చేతిలో ఉంది!

ఇండియానాలో ఆ వీలు లేదు. అక్కడి రాష్ట్ర ఎన్నికల కోసం అప్పటి అధ్యక్షుడు లింకన్ స్వయంగా ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్‌కు ఉత్తరం రాశాడు. ముప్పు లేనంతవరకు సైనికుల్ని ఇంటికి పంపండి, ఓటేసి వస్తారని.

అధ్యక్ష ఎన్నికలో లింకన్‌కు పోటీగా నిలబడింది మెక్లెల్లన్. ఉత్తరాది సైన్యాన్ని ఒకప్పుడు నడిపించినవాడు, సైనికులకు ఇష్టుడు. యుద్ధం ఆపాలన్నది ఆయన పార్టీ తీర్మానం. అలసిపోయిన సైనికులు అటే మొగ్గుతారనుకోవడం సహజం. కానీ విడిగా లెక్కించిన సైనికుల ఓట్లలో నూటికి 78 దాకా లింకన్‌కే పడ్డాయి. యుద్ధం సాగితే చావు తమకేనని తెలిసీ వేసిన ఓట్లవి.

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1917లో కెనడా తన సైనిక నర్సులకూ ఓటిచ్చింది. అక్కడ దేశస్థాయి ఎన్నికల్లో ఓటేసిన మొదటి మహిళలు వాళ్లే. గాయాలకు కట్లు కడుతూనే ఓటేశారు.

ఇక బ్రిటన్. 1945 జులై 5న పోలింగ్ మొదలైంది. దూరదేశాల్లోని సైనికుల ఓట్లు చేరాలి కాబట్టి పెట్టెలకు సీలు వేసి మూడు వారాలు ఆగారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో ప్రధానిగా దేశాన్ని నడిపిన చర్చిల్ ఓడిపోయాడని జులై 26న లెక్కపెట్టాక గానీ తెలియలేదు.

మీ తాతయ్య